సున్నపు నేల మీద ఈత కొలను

ఇంటి ఆవరణలో కట్టుకుని, నీళ్ళను పారబోయకుండా వడకడుతూ, మందు వేస్తూ నెలల తరబడి అవే నీళ్ళలో ఈదే తొట్టిని ఇంటి ఈత కొలను అంటారు. వాడుకలో స్విమ్మింగ్ పూల్, ఇంకా పొట్టిగా పూల్. పల్నాడు పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇది ఇప్పటికీ అరుదైన వస్తువే. కట్టే మనుషులు సాధారణంగా పెద్ద ఊళ్ళ నుంచి వస్తారు. పని ముగించి, ఏ మందు ఎంత వేయాలో ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్ళిపోతారు. ఆ కాగితం పల్నాడులోని దాచేపల్లి లాంటి ఊరి నీళ్ళను చూసి రాసింది కాదు. నాచు, క్రిములు, ఆకుచెత్త ఏ ఊరి పూల్‌కైనా ఉండే బాధలే. ఇక్కడ కొత్తగా పూల్ కట్టుకున్నవారికి అసలు పని సున్నంతో.

నేల, నీరు

దాచేపల్లి నాగులేరు ఒడ్డున ఉంది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయిన పల్నాడు జిల్లాలో ఇది మండల కేంద్రం, నగర పంచాయతీ. అద్దంకి - నార్కెట్‌పల్లి రహదారి ఊరి మీదుగా పోతుంది. నడికుడి రైల్వే జంక్షన్ ఈ మండలంలోదే. నేల కింద ఉన్నది సున్నపురాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు నర్జి సున్నపురాయి అనే ఈ పొరల వల్లే చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. పక్కనున్న పిడుగురాళ్ళకు సున్నం బట్టీల ఊరిగా పేరొచ్చింది, పల్నాటి ఇళ్ళ ముందు నాపరాళ్ళు పరుచుకున్నాయి. ఆ రాతి సందుల్లో నిలిచిన నీరే బోర్లలోకి వస్తుంది. వస్తూ వస్తూ కాల్షియంను, మెగ్నీషియంను కరిగించుకుని వస్తుంది. సబ్బు నురగ రాకపోవడం, కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడం, కుళాయి మూతికి తెల్లటి పెచ్చు కట్టడం ఇక్కడి గృహిణులు చెప్పగలిగిన లక్షణాలు. ప్రయోగశాల దాన్నే కఠినత్వం అని అంకెల్లో చెబుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం వాంఛనీయం. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఓర్చుకోవచ్చు. పూల్‌కు 200 నుంచి 400 మధ్య ఉంటే మంచిది. సున్నపురాయి నేలల్లో బోరు నీరు ఆ పై గీతను మొదటి రోజే తాకవచ్చు, దాటనూవచ్చు.

పై నేల సంగతి వేరు. పత్తికీ మిరపకూ పేరుపడ్డ నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కాలు దూరేంత నెర్రెలు ఇస్తుంది. ఇళ్ళ గోడలు బీటలు వారడం ఈ నేలలో కొత్త కాదు. పూల్ గోడలకూ అదే గండం ఉంది. కాంక్రీటు కింద రేగడిని తీసేసి గ్రావెల్ నింపారా, చుట్టూ వాన నీరు పోయే దారి పెట్టారా అన్నది కట్టేటప్పుడే చూసుకోవాలి. కట్టిన తర్వాత యజమాని చేతిలో ఉండేది ఒక్కటే: వానాకాలంలో పూల్‌ను ఖాళీ చేయకపోవడం. లోపల నీళ్ళ బరువు లేనప్పుడు చుట్టూ ఉబ్బిన మట్టి గోడలను లోపలికి నెడుతుంది, అడుగున చేరిన నీరు తొట్టిని పైకి లేపుతుంది. కడగాలన్నా, మరమ్మతు చేయాలన్నా నేల ఎండి ఉన్న నెలల్లోనే పెట్టుకోవాలి.

బావి నుంచి పూల్ దాకా

పల్నాటికి స్నానఘట్టాలు కొత్తవి కావు. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధానిగా వెలిగిన విజయపురి, అంటే నేటి నాగార్జునకొండ లోయలో, కృష్ణ ఒడ్డున చెక్కిన సున్నపురాయి పలకలతో మెట్లు కట్టిన స్నానఘట్టం, రాతి మెట్ల కోనేళ్ళు తవ్వకాల్లో బయటపడ్డాయి. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో ఆ తవ్వకాలు జరిగాయి. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగే ముందు కొన్ని కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండ మీద, అనుపులో తిరిగి నిలబెట్టారు. అంతకన్నా చాలా ముందటి మొహెంజోదారో మహాస్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. నీరు ఇంకిపోకుండా ఇటుకల వెనుక తారు పూశారు.

పల్లెల్లో ఈత నేర్పింది మాత్రం దిగుడుబావులే. నడుముకు మునగబెండో, ఎండిన సొరకాయ బుర్రో, తర్వాత రోజుల్లో లారీ ట్యూబో కట్టుకుని దూకేవారు. బోర్లు వచ్చాక ఆ బావులు చాలాచోట్ల ఎండిపోయాయి, పూడిపోయాయి. 1967లో సాగర్ కుడి కాలువకు నీళ్ళు వదిలాక పిల్లలు కాలువలో దిగడం మొదలుపెట్టారు. పారే కాలువ ఈత నేర్చుకునే చోటు కాదు. బావిలో కనీసం ఊట ఉండేది, తోడకం ఉండేది. ఇంటి పూల్‌లో ఆ రెండూ లేవు. ఈరోజు ఒంటి మీద నుంచి వదిలిన చెమట రేపటి నీళ్ళలోనూ ఉంటుంది. వడపోత, క్లోరిన్ రెండూ అవసరమయ్యేది అందుకే.

లెక్క ముందు, మందు తర్వాత

పూల్ ఎన్ని లీటర్లు పడుతుందో తెలియనివారు మందు వేయడం మొదలుపెట్టకూడదు. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న తొట్టిలో సుమారు 45,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది పడతాయి. ఈ వ్యాసంలో ఇకముందు చెప్పే మోతాదులన్నీ ఆ కొలతకు చెప్పినవి.

క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. ఈ రెండింటికీ ముడి ఉంది. నీళ్ళలో కలిసిన క్లోరిన్‌లో క్రిములను చంపే భాగం హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర అది దాదాపు సగం ఉంటుంది, 8 దగ్గర పావు వంతుకు పడిపోతుంది. పీహెచ్ పెరిగిన పూల్‌లో ఎంత క్లోరిన్ పోసినా డబ్బులు పోయడమే. సున్నపు నీళ్ళలో పీహెచ్ ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి ఇక్కడ ఈ మాటకు బరువు ఎక్కువ.

మార్కెట్లో దొరికే కొలిచే పెట్టెల్లో చవకైనది రెండు సీసాల చుక్కల మందు. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు రంగు తెస్తుంది. ఆ పసుపు రంగు పనిచేసే క్లోరిన్‌నూ, పని అయిపోయి చెమటతో కలిసిన క్లోరిన్‌నూ కలిపి చూపిస్తుంది. డీపీడీ రకం కిట్టు రెండింటినీ విడదీస్తుంది. కాస్త ఖరీదైనా అదే కొనాలి. కఠినత్వం, క్షారత ఏడాదికి రెండుసార్లైనా ప్రయోగశాలలో చూపించుకోవాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో తాగునీటి పరీక్షలు చేస్తారు. బోరు నీటి సీసా ఒకటి అక్కడ పరీక్ష చేయించుకుంటే కట్టబోయే పూల్ జాతకం సగం తెలిసిపోతుంది.

సున్నం ఎలా కడుతుంది

మే నెలలో దగ్గర్లోని రెంటచింతల వార్తల్లోకి ఎక్కుతుంది. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు తరచూ నమోదయ్యే చోటు అది. ఆ ఎండకు, వడగాలికి పూల్ నీళ్ళు రోజుకు సెంటీమీటరు దాకా తగ్గిపోవచ్చు. మన కొలత పూల్‌లో సెంటీమీటరు అంటే 320 లీటర్లు. ఆవిరయ్యేది నీరే, సున్నం తొట్టిలోనే ఉంటుంది. తగ్గిన మేరకు 400 కఠినత్వం ఉన్న బోరు నీళ్ళు పడుతూ పోతే, మూడు నెలల్లో పదకొండు కిలోలకు పైగా సున్నపు ఖనిజం కొత్తగా చేరుతుంది. మొదట 400 ఉన్న కఠినత్వం 650 దాటుతుంది. వేసవి చివర నీటిమట్టం గీత వెంబడి టైల్స్ మీద తెల్లటి పట్టీ కనిపిస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు. వేలితో తడిమితే గరగరలాడుతుంది, గోటితో గీరితే రాదు. కంటికి కనిపించే ఆ పట్టీ పెద్ద నష్టం కాదు. కనిపించని చోట, అంటే పైపుల లోపల, ఫిల్టరు ఇసుకలో కట్టేదే ఖరీదైనది. ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెళ్ళలు కడతాయి. నీళ్ళు ఆ పెళ్ళల పక్క నుంచి సందు చేసుకుని వడకట్టకుండానే తిరిగి వస్తాయి.

నీరు సున్నాన్ని వదిలేస్తుందా, కరిగించుకుంటుందా అని ముందే చెప్పే లెక్కను 1936లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని విల్ఫ్రెడ్ లాంజెలియర్ కట్టాడు. పట్టణ నీటి పైపుల కోసం చేసిన ఆ లెక్కను పూల్‌వాళ్ళు అందిపుచ్చుకున్నారు. వాళ్ళు వాడే సులువు రూపంలో పీహెచ్‌కు మూడు అంకెలు కలిపి 12.1 తీసేయాలి. మొదటిది ఉష్ణోగ్రతది, 34 డిగ్రీల వెచ్చటి నీళ్ళకు 0.8. రెండోది కాల్షియంది, 400 ఉంటే 2.2. మూడోది క్షారతది; 250 ఉంటే 2.4. పీహెచ్ 7.8 అనుకుంటే మొత్తం ఫలితం 1.1 వస్తుంది. సున్నకు అటూ ఇటూ 0.3 దాకా ఉంటే నీరు నెమ్మదిగా ఉన్నట్టు, 1.1 అంటే సున్నం కట్టి తీరుతుంది. ఇప్పుడు కాల్షియంను ముట్టుకోకుండా పీహెచ్‌ను 7.2కు, క్షారతను 80కి దించితే క్షారత అంకె 1.9 అవుతుంది, మొత్తం ఫలితం సరిగ్గా సున్న. నీళ్ళు మార్చలేదు, సాఫ్టెనర్ పెట్టలేదు. పల్నాడులో పూల్ నడపడానికి ఇంతకన్నా పనికొచ్చే లెక్క లేదు.

క్షారతను దించేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. 45,000 లీటర్లలో 10 మిల్లీగ్రాముల చొప్పున తగ్గించడానికి 30-33 శాతం ఆమ్లం సుమారు 900 మిల్లీలీటర్లు కావాలి. 250 నుంచి 80కి రావాలంటే పదిహేను లీటర్లు దాటుతుంది. ఒక్కసారిగా పోయకూడదు. లీటరు చొప్పున, పంపు తిరుగుతుండగా, పిల్లలు ఎవరూ నీళ్ళలో లేనప్పుడు, నీళ్ళున్న ప్లాస్టిక్ బకెట్లో ఆమ్లం కలిపి లోతైన వైపు పోయాలి. ఆమ్లంలో నీళ్ళు కలపకూడదు, నీళ్ళలోనే ఆమ్లం కలపాలి. మర్నాడు పీహెచ్ చూసుకుని మళ్ళీ లీటరు. బాత్‌రూమ్ కడగడానికి అమ్మే రంగు యాసిడ్ ఇందుకు పనికిరాదు.

పూల్ అంచుకు మాచర్ల నాపరాళ్ళు పరిచినవారికి ఇంకో జాగ్రత్త. బకెట్ నుంచి ఒక చుక్క రాయి మీద పడితే చుర్రుమని బుస్సున నురగ లేస్తుంది, తుడిచేసరికి అక్కడ తెల్లటి గుంట మిగులుతుంది. నాపరాయి కూడా సున్నపురాయే కదా. ఆమ్లం మోసే వైపు కొంత మేర గ్రానైటు వేయించుకోవడం తెలివైన పని. లేదంటే ముందుగా ఆ రాళ్ళను నీళ్ళతో బాగా తడిపి ఉంచాలి.

ఏ క్లోరిన్

ఊళ్ళో తేలిగ్గా దొరికేది బ్లీచింగ్ పౌడర్. పంచాయతీలవాళ్ళు ట్యాంకుల్లో వేసేది అదే కాబట్టి నమ్మకమూ ఎక్కువ. కానీ అది సున్నం నుంచి తయారయ్యే వస్తువు. మూడో వంతు క్లోరిన్ పోగా అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది, కాల్షియం ఇంకా పెరుగుతుంది. మెత్తటి నీళ్ళున్న ఊళ్ళలో వాడుకోవచ్చు గానీ దాచేపల్లిలో దాన్ని పూల్ దగ్గరికి రానివ్వకపోవడమే మేలు.

టీసీసీఏ బిళ్ళల్లో 90 శాతం క్లోరిన్ ఉంటుంది; 50 గ్రాములు వేస్తే మన పూల్‌లో లీటరుకు ఒక మిల్లీగ్రాము పెరుగుతుంది. కాల్షియం లేదు, పీహెచ్‌ను కాస్త దించుతుంది కూడా. ఇక్కడి నీళ్ళకు అతికినట్టు సరిపోయే మందే. చిక్కల్లా దానితోపాటు వచ్చే సయనూరిక్ ఆమ్లం. అది కొంత ఉండాలి. లేకపోతే నడినెత్తి ఎండ క్లోరిన్‌ను గంటలోపే సగానికి పైగా తినేస్తుంది. 30 నుంచి 50 దాకా ఉంటే గొడుగు పట్టినట్టు కాపాడుతుంది. 100 దాటితే క్లోరిన్‌ను పట్టి ఉంచి పని చేయనివ్వదు. టీసీసీఏతో 10 మిల్లీగ్రాముల క్లోరిన్ చేరినప్పుడల్లా ఇది 6 చేరుతుంది. రోజుకు 2 చొప్పున వేస్తే మూడు నెలలకే గీత దాటుతుంది, తగ్గించాలంటే నీళ్ళు తీసి కొత్తవి పట్టడం తప్ప దారి లేదు. అందుకని వేసవి మొదట్లో బిళ్ళలతో 40 దాకా తెచ్చి, అక్కడి నుంచి సోడియం హైపోక్లోరైట్ ద్రవానికి మారడం మంచి పద్ధతి. ఈ ద్రవం ఎండకు బలం కోల్పోతుంది కాబట్టి చల్లటి చోట, రెండు వారాలకు సరిపడా మాత్రమే తెచ్చి పెట్టుకోవాలి. పోసేది సాయంత్రం పొద్దుగుంకాక.

ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే యంత్రాలను అమ్మేవారు మందులు కొనే బాధే ఉండదంటారు. కానీ ఆ యంత్రం విద్యుత్ పలకల దగ్గరే పీహెచ్ అన్నిటికన్నా ఎక్కువ, సున్నం మొదట కట్టేదీ అక్కడే. పల్నాటి బోరు నీళ్ళతో దాన్ని కొనడం తొందరపాటు.

బిళ్ళల డబ్బానూ బ్లీచింగ్ పౌడర్ బస్తానూ ఒక గదిలో పెట్టరాదు, ఒకే గిన్నెతో కొలవరాదు. ఆ రెండూ కలిస్తే మంటలు లేస్తాయి, పేలవచ్చు. క్లోరిన్ మందుకు ఆమ్లం తగిలితే విషవాయువు వస్తుంది. పురుగుమందులు, ఎరువులు ఉంచే కొట్టులో ఇవేవీ ఉంచకూడదు. మిరప తోటలకు వాడిన స్ప్రేయరు, డబ్బా, మగ్గు ఎంత కడిగినా పూల్ పనికి వాడరాదు.

మైలుతుత్తం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తెగుళ్ళకు కొట్టడం రైతులకు తెలిసిందే కాబట్టి నాచుకూ అదే వేద్దామన్న ఆలోచన సహజంగా వస్తుంది. నాచు చస్తుంది నిజమే. పీహెచ్ ఎక్కువున్న సున్నపు నీళ్ళలో రాగి గోడలకు ఆకుపచ్చగా, నల్లగా మరకలు కడుతుంది. నెరిసిన జుట్టుకు పచ్చ రంగు పులుముతుంది. నాచుకు మందు క్లోరిన్, బ్రష్షు. రెండూ సమయానికి పడితే మూడోది అక్కర్లేదు.

పంపు, ఇసుక, నీడ

పూల్ నీళ్ళన్నీ ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఒకసారి ఫిల్టరు గుండా తిరగాలి. మన కొలతకు ఒక హార్స్‌పవర్ పంపు చాలు. రోజుకు ఆరేడు యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. ఫిల్టరు మీద ఒత్తిడి చూపే గడియారంలో ముల్లు, ఇసుక శుభ్రంగా ఉన్నప్పటి అంకె కన్నా 8-10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయాలి. గాజు గొట్టంలో నీళ్ళు తేటపడేదాకా, రెండు మూడు నిమిషాలు. పంపు ఆపకుండా వాల్వు పిడి తిప్పితే లోపలి రబ్బరు చిరుగుతుంది. కొత్తవారి దగ్గర తరచు జరిగే నష్టం ఇదే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కల్లాల ధూళి, ఉగాది నాటి వేపపూత కలిసి బుట్టలు తొందరగా నిండుతాయి. మిగతా ఊడవడం, వల పట్టడం ఎవరైనా చూసి నేర్చుకోగలిగినవే.

మిరప నారుమళ్ళకు వేసే షేడ్ నెట్‌నే పూల్ పైన ఎత్తుగా కట్టుకుంటే ఆవిరి తగ్గుతుంది, క్లోరిన్ నిలుస్తుంది, నాచు నెమ్మదిస్తుంది. పూల్ పరికరాలు అమ్మే దుకాణాల్లో ఈ మాట ఎవరూ చెప్పరు. వాన నీటి సంగతీ అంతే. వంద చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడి అందులో అయిదింట నాలుగు వంతులు పట్టుకోగలిగితే 56,000 లీటర్లు, అంటే పూల్ పట్టే నీళ్ళకన్నా ఎక్కువ. అందులో సున్నం దాదాపు ఉండదు. మొదటి వాన వదిలేసి, తర్వాతి నీళ్ళను సంపులో పట్టి వేసవిలో తగ్గిన మేరకు పోసుకుంటే ఆమ్లం ఖర్చు చాలావరకు తప్పుతుంది. కాలువ నీళ్ళు కూడా బోరు కన్నా మెత్తనే. అయితే బురద ఉంటుంది, పటిక వేసి తేర్చాలి. పైగా ఎండలు ముదిరేసరికి కాలువ కట్టేస్తారు.

మట్టం మరీ వేగంగా పడిపోతే ఎండనే తిట్టుకోనక్కర్లేదు. మెట్టు మీద బకెట్ పెట్టి, లోపలా బయటా నీటిమట్టం ఒకటే ఉండేలా నింపి గుర్తు పెట్టాలి. మర్నాటికి బకెట్లో కన్నా పూల్‌లో ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. నల్లరేగడిలో కారుడును వాయిదా వేయకూడదు; ఒక మూల మాత్రమే తడిసి ఉబ్బిన నేల గోడను వంకర చేస్తుంది.

ప్రాణాపాయాలు

గాఢమైన క్లోరిన్ వాసన శుభ్రతకు గుర్తని చాలామంది అనుకుంటారు. ఆ వాసన చెమట, మూత్రంతో కలిసి చెడిన క్లోరిన్‌ది. అంటే మందు చాలలేదన్నమాట. వెచ్చటి, క్లోరిన్ లేని నీళ్ళలో పెరిగే నేగ్లేరియా ఫౌలరి అనే అమీబా ముక్కు గుండా మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. 2024, 2025ల్లో కేరళలో వచ్చిన అమీబిక్ మెదడువాపు కేసులు ఆ రాష్ట్రాన్ని బావులకు, కొలనులకు క్లోరిన్ వేసే దాకా తెచ్చాయి. పచ్చబడ్డ పూల్‌లో పిల్లల్ని దూకనివ్వకపోవడానికి ఇంతకు మించిన కారణం వద్దు.

చుట్టూ నాలుగడుగుల కంచె, దానంతటదే మూసుకునే గేటు ఉండాలి. అడుగున నీళ్ళు పీల్చే జాలీ ఒకటే ఉంటే పిల్లల జుట్టో చెయ్యో అతుక్కుపోయే ప్రమాదం ఉంది. దూరంగా రెండు జాలీలు పెట్టించాలి, పగిలినవి వెంటనే మార్చాలి. నీళ్ళ లోపలి లైట్లు 12 ఓల్టులవే అయి ఉండాలి. పంపు లైనుకు సరైన ఎర్తింగు, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

ఇంట్లో ఎవరూ లేని నెలలు

యజమాని ఊళ్ళో లేనప్పుడే పూల్ చెడుతుంది. రెండు మూడు నెలలైతే రోజుకు నాలుగు గంటలు పంపు నడిపి, వారానికోసారి క్లోరిన్ పోసే మనిషిని పెట్టుకోవాలి. అంతకన్నా ఎక్కువైతే చాలామంది కరెంటు కట్టేసి వెళ్ళిపోతారు. పది రోజుల్లో దోమ లార్వాలు తేలతాయి. ఖాళీ చేద్దామంటే నేల ఒప్పుకోదు. అలాంటప్పుడు క్లోరిన్ పూర్తిగా మానేసి, అది విరిగిపోయేదాకా కొన్ని రోజులు ఎండకు వదిలి, మలేరియా విభాగం వాళ్ళు చెరువుల్లో వదిలే గంబూసియా చేపలను దీనిలోనూ వేయవచ్చు. లార్వాలను అవే తింటాయి. అయితే వీటిని కాలువలోకి, వాగులోకి పోనివ్వకూడదు. అక్కడి చిన్న చేపల గుడ్లనూ తినేస్తాయి. యజమాని తిరిగొచ్చాక ముందు చేపలను వలతో తీసి పక్క తొట్టిలో వేయించి, ఆ తర్వాతే క్లోరిన్ డబ్బా మూత తీయాలి.